కాస్ట్ పార్షియల్‌లో అక్రిలిక్ లోహాన్ని వదలకుండా ఉండాలంటే: ల్యాబ్ బల్ల మీద మొదటి నుంచి చివరి వరకు

"కట్టుడు పళ్ళు కూడా పుచ్చుతాయా బాబూ?"

కాశీనగర్ నుంచి వచ్చిన ఒక మామ్మ కింది సెట్టు నా బల్ల మీద పెట్టి అడిగిన మాట ఇది. కాస్ట్ పార్షియల్ అది, అంటే కొన్ని పళ్ళు పోయినవాళ్ళకి పోతపోసిన లోహపు ఫ్రేమ్ మీద కట్టే సెట్టు: కోబాల్ట్ క్రోమ్ ఫ్రేమ్, రెండు వైపులా గులాబీ అక్రిలిక్, దాని మీద పళ్ళు. లోహం ఆగి అక్రిలిక్ మొదలయ్యే చోట సన్నటి ఎర్ర గీత, తాంబూలం మరక. బ్రష్‌తో ఎంత తోమినా పోలేదు, ఎందుకంటే మరక పైన లేదు, లోపల ఉంది. గోరు పెట్టి నొక్కితే అక్రిలిక్ అంచు వెంట్రుకవాసి లేచింది. వాసన సంగతి చెప్పక్కర్లేదు. ఆ సెట్టు చేసింది వేరెవరో కాదు, నేనే. ఎనిమిది నెలల కిందటే.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మందుల డబ్బాల మీద ఇంగ్లిష్. ఇటు గుణుపురం, రాయగడ, అటు పాతపట్నం, టెక్కలి వైపు చిన్న ల్యాబులు నడుపుతున్న కుర్రాళ్ళు "మెష్ దగ్గర అక్రిలిక్ ఊడొస్తోంది, ఏ ప్రైమర్ కొనమంటారు?" అని అడుగుతుంటారు. మెష్ అంటే ఫ్రేమ్‌లో అక్రిలిక్ కూర్చునే జల్లెడ లాంటి భాగం, ప్రైమర్ అంటే అక్రిలిక్ అతకడానికి ముందు లోహానికి పూసే మందు. సీసా పేరు ఒక్కటి చెబితే సరిపోదు. ఏ పని ముందు చేస్తున్నారు, ఏది తర్వాత చేస్తున్నారు, మధ్యలో లోహాన్ని ఎవరు ముట్టుకున్నారు అన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది. మామ్మ సెట్టుకి నేను వాడిన ప్రైమర్ మంచిదే. కానీ లోహం మీదికి గుండ కొట్టే గాలినిచ్చే నా కంప్రెసర్‌లో నూనె ఉంది. అదొక్కటే కాదు, ప్రైమర్ పూసిన వేళ కూడా తప్పే. అందుకే వరసగా రాస్తున్నాను.

ముందు, అసలు ఎందుకు వదులుతుంది

మామూలు డెంచర్ అక్రిలిక్‌కి, అంటే పీఎంఎంఏకి, లోహంతో సహజంగా ఏ బంధమూ లేదు. మెష్ రంధ్రాల్లోకి దిగి, గట్టిపడి, పట్టుకుని కూర్చుంటుంది. అది పట్టే కానీ అతుకు కాదు. కిటికీ చువ్వల చుట్టూ సిమెంట్ పోసినట్టు. ఊడి కింద పడదు, కానీ చువ్వకీ సిమెంట్‌కీ మధ్య నీరు పోకుండా ఆపదు.

ఆ సందు పెరగడానికి రెండు కారణాలు. మొదటిది, అక్రిలిక్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది. పౌడర్ మూడు పాళ్ళు, మోనోమర్ (ద్రవం) ఒక పాలు కలిపినా ఘనపరిమాణంలో సుమారు 7 శాతం తగ్గుతుంది. రెండోది వేడి. ఒక డిగ్రీ వేడి పెరిగితే కోబాల్ట్ క్రోమ్ ఎంత సాగుతుందో, అక్రిలిక్ దానికి అయిదారు రెట్లు సాగుతుంది. వేడి టీ, వెంటనే చల్లటి నీళ్ళు. ప్రతిసారీ ఆ సందు కొంచెం తెరుచుకుని, మూసుకుని, పంపులా నోటిలోని ద్రవాన్ని లోపలికి లాగుతుంది. దాంతోపాటు మరక, సూక్ష్మజీవులు, వాసన వస్తాయి. చివరికి నమిలే బరువు పడి ఆ గీత దగ్గరే అక్రిలిక్ చిట్లుతుంది, పన్ను ఊడొస్తుంది.

పీఎంఎంఏ డెంచర్లలోకి వచ్చింది 1937లో, వాల్టర్ రైట్ ద్వారా. లోహానికీ రెసిన్‌కీ నిజమైన రసాయన బంధం కుదరడానికి మాత్రం ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. 1970ల చివర జపాన్‌లో 4-మెటా అనే మోనోమర్, 1980ల మొదట్లో ఎండీపీ అనే ఫాస్ఫేట్ మోనోమర్ వచ్చాయి. ఇవాళ మనం కొనే ప్రైమర్లలో చాలావాటికి మూలం ఈ రెండే.

అవి పనిచేసే తీరు తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. కోబాల్ట్ క్రోమ్‌లో కోబాల్ట్ సుమారు 60 నుంచి 65 శాతం, క్రోమియం 27 నుంచి 30 శాతం, కొద్దిగా మాలిబ్డినం. గాలి తగలగానే క్రోమియం కంటికి కనపడనంత పలచటి ఆక్సైడ్ పొరను కప్పుకుంటుంది. తుప్పు పట్టకుండా కాపాడేది ఆ పొరే. ప్రైమర్ అణువుకి రెండు చివరలు. ఆమ్ల స్వభావం ఉన్న చివర ఆ ఆక్సైడ్‌ని పట్టుకుంటుంది. రెండో చివర మెథాక్రిలేట్, అంటే మన అక్రిలిక్ మోనోమర్‌కి అన్నదమ్ముడు. క్యూరింగ్‌లో అది అక్రిలిక్ గొలుసులో కలిసిపోతుంది. ఒక చెయ్యి లోహానికి, ఒక చెయ్యి రెసిన్‌కి. మధ్యలో నూనె చుక్కో, మైనం పొరో, చెమట మరకో ఉంటే మొదటి చెయ్యికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

మొదటి మెట్టు: ఏ లోహమో కనుక్కోండి

కాస్టింగ్ బయట చేయిస్తే అల్లాయ్ (మిశ్రమ లోహం) పేరు రాసి పంపమని అడగండి. కోబాల్ట్ క్రోమ్, నికెల్ క్రోమ్, టైటానియం అయితే ఆక్సైడ్ దండిగా ఉంటుంది కాబట్టి ఎండీపీ లేదా 4-మెటా ఉన్న ప్రైమర్ చాలు. బంగారం కలిసిన అల్లాయ్ అయితే కథ వేరు. దాని మీద ఆక్సైడ్ తక్కువ. దానికి గంధకం ఉన్న మోనోమర్ కావాలి. వీబీఏటీడీటీ అని సీసా మీద ఉంటుంది. అల్లాయ్ ప్రైమర్ లాంటి వాటిలో ఎండీపీ, వీబీఏటీడీటీ రెండూ కలిపే ఉంటాయి, కాబట్టి రెండు రకాలకీ పనికొస్తాయి. మన వైపు బంగారం పార్షియల్ ఎప్పుడో తప్ప రాదు. వచ్చినప్పుడు మాత్రం అలవాటుగా పాత సీసా తీయకండి.

ఒక తేడా గమనించండి. పింగాణీకి వాడే సైలేన్ వట్టి లోహం మీద పనిచేయదు. దానికి ముందు లోహం మీద సిలికా పొర ఎక్కాలి. 1984లో వచ్చిన సిలికోటర్, 1989లో వచ్చిన రోకాటెక్ పద్ధతులు చేసేది అదే. సిలికోటర్‌లో మంటతో ఆ పొర ఎక్కిస్తారు, రోకాటెక్‌లో సిలికా పూసిన అల్యూమినా గుండను లోహం మీదికి కొడతారు, ఆ సిలికా మీద సైలేన్ పూస్తారు. మంచి పద్ధతే. కానీ గుండ ఖరీదు, సరఫరా చూసుకుంటే మా అంతటి ల్యాబ్‌కి ప్రైమర్ దారే నయం.

రెండో మెట్టు: ఫ్రేమ్ రాగానే డిజైన్ చూడండి

ప్రైమర్ ఉంది కదా అని మెష్ తీసేయకూడదు. రసాయన బంధం ఎంత బాగున్నా నోట్లో తడి, వేడి కలిసి ఏళ్ళ మీద దాన్ని కొంత తింటాయి. లోపల యాంత్రిక పట్టు ఉండాలి, ఫినిష్ లైన్ దగ్గర, అంటే లోహం ఆగి అక్రిలిక్ మొదలయ్యే గీత దగ్గర, రసాయన బంధం ఉండాలి. అక్రిలిక్ ఊడకుండా చూసేది మెష్, సందు పడకుండా చూసేది ప్రైమర్.

చూడాల్సినవి ఇవి. మెష్ కింద సుమారు ఒక మిల్లీమీటర్ ఖాళీ ఉందా? రిలీఫ్ మైనం సరిగా పెట్టకపోతే మెష్ కాస్ట్‌కి (నోటి ప్లాస్టర్ నమూనాకి) అంటుకుని ఉంటుంది, కింద అక్రిలిక్ కాగితంలా మిగులుతుంది. చివరి పళ్ళు లేని కేసులో టిష్యూ స్టాప్, అంటే మెష్ కాస్ట్ మీద ఆనుకునే చిన్న లోహపు కాలు, ఉందా? లేకపోతే ప్రెస్‌లో మెష్ వంగుతుంది. ఫినిష్ లైన్ బయటా లోపలా రెండు వైపులా పదునుగా, లోపలికి కోసినట్టు ఉందా? బయటి గీత, లోపలి గీత సరిగ్గా ఒకదాని కింద ఒకటి ఉంటే అక్కడ లోహం పలచబడి విరుగుతుంది, కొంచెం పక్కకి జరిగి ఉండాలి. గీత గుండ్రంగా జారిపోయి ఉంటే అక్రిలిక్ అంచు పలచగా ఈకలా తేలుతుంది, అది లేవకుండా ఏ ప్రైమరూ ఆపలేదు. అలాంటి ఫ్రేమ్ వస్తే నేను వెనక్కి పంపేస్తాను. డాక్టర్‌గారికి రెండు రోజులు ఆలస్యం, నాకు నాలుగు మాటలు. పడతాను.

మూడో మెట్టు: వరస తేల్చుకోండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. ఫ్రేమ్ రాగానే బ్లాస్ట్ చేసి (గాలితో గుండ కొట్టి), ప్రైమర్ పూసి, దాని మీద మైనం ఎక్కించి పళ్ళు పేర్చేవాణ్ణి. తర్వాత ఫ్లాస్కింగ్, అంటే దాన్నంతా ఫ్లాస్క్ అనే లోహపు డబ్బాలో ప్లాస్టర్‌తో మూసేయడం, ఆపైన మరిగే నీళ్ళతో మైనం కరిగించే డీవాక్సింగ్. ఇంకా గొలుసులో కలవని ప్రైమర్ మీద ముందు మైనం, తర్వాత మరిగే నీళ్ళు, సబ్బు నీళ్ళు పోసినట్టు. ఇక అందులో మిగిలేదేమిటి? ప్రైమర్ పూశాక తగలాల్సింది అక్రిలిక్ ఒక్కటే. కాబట్టి ప్రైమర్ పని డీవాక్సింగ్ తర్వాతే.

కానీ ఫ్లాస్క్‌లో ఫ్రేమ్ ప్లాస్టర్‌లో కూరుకుపోయి ఉంటుంది, బయటికి రాదు. మెష్ పై భాగం కనపడుతుంది కానీ అడుగు కనపడదు. లోపలి ఫినిష్ లైన్ కాస్ట్ వైపు తిరిగి ఉంటుంది. దీనికి రెండు దారులు ఉన్నాయి.

చిన్న కేసులకి, అంటే రెండు మూడు పళ్ళకి, రిపేర్లకి, నేను ఫ్లాస్క్ జోలికే పోను. మైనం మీద పళ్ళు పేర్చి, ట్రైఇన్ (నోట్లో పెట్టి చూడటం) అయ్యాక, బయటి వైపు నుంచి సిలికోన్ పుట్టీతో అచ్చు తీసుకుంటాను. పళ్ళను అచ్చులో కూర్చోబెట్టి, మైనమంతా కరిగించి, ఫ్రేమ్‌ని కాస్ట్ మీద నుంచి పూర్తిగా తీసేస్తాను. ఇప్పుడు అది నా చేతిలో, సరిగ్గా చెప్పాలంటే ట్వీజర్‌లో, అన్ని వైపులా కనపడుతూ ఉంటుంది. శుభ్రంగా బ్లాస్ట్, ప్రైమర్, మళ్ళీ కాస్ట్ మీద పెట్టి, అచ్చు మూసి, తనంతట తానే గట్టిపడే సెల్ఫ్ క్యూర్ అక్రిలిక్ పోయడం. బంధం వరకు చూస్తే ఇదే మేలైన పద్ధతి. అయితే సెల్ఫ్ క్యూర్ బలం వేడితో గట్టిపరిచే హీట్ క్యూర్ కంటే తక్కువ, మిగిలిపోయే మోనోమర్ ఎక్కువ. ఆ లెక్క మీరు వేసుకోవాలి.

పెద్ద కేసుకి హీట్ క్యూరే. అప్పుడు పని రెండు విడతలు. మైనం పెట్టకముందే మెష్ అడుగునీ లోపలి గీతనీ బ్లాస్ట్ చేసి, ప్రైమర్ పూసి, దాని మీద 4-మెటా ఉన్న సెల్ఫ్ క్యూర్ రెసిన్‌ని బ్రష్‌తో పలచగా పూసి గట్టిపడనిస్తాను. గట్టిపడిన రెసిన్ డీవాక్సింగ్ నీళ్ళకి కరిగిపోదు, తర్వాత వచ్చే అక్రిలిక్ దానికి అతుక్కుంటుంది. పైకి కనపడే భాగం, బయటి గీత మాత్రం డీవాక్సింగ్ తర్వాత ఫ్లాస్క్‌లోనే పెన్సిల్ బ్లాస్టర్‌తో కొట్టి, అప్పుడు ప్రైమర్ పూస్తాను. శ్రమే. కానీ పాతవాటిలో ఎర్ర గీత పడింది ఈ శ్రమ పడని చోటే.

నాలుగో మెట్టు: బ్లాస్టింగ్

యాభై మైక్రాన్ల అల్యూమినా. కొత్తది. కాస్టింగ్ శుభ్రం చేయడానికి వాడే 250 మైక్రాన్ల గుండ ఇక్కడ వద్దు, వాడేసిన గుండ అసలే వద్దు. దానిలో ఇన్వెస్ట్‌మెంట్ (పోత అచ్చు) పొడి, పాలిష్ మురికి కలిసి ఉంటాయి. లోహాన్ని శుభ్రం చేస్తున్నామనుకుంటూ మురికిని దిగగొడతాం.

గాలి ఒత్తిడి 2 నుంచి 3 బార్. పీఎస్ఐలో మీటర్ ఉంటే 30 నుంచి 45 మధ్య. నాజిల్ లోహానికి సుమారు ఒక సెంటీమీటర్ దూరంలో, దాదాపు నిలువుగా. ఒకే చోట ఆపకుండా, వాకిట్లో కళ్ళాపి చల్లినట్టు కదుపుతూ ఉండాలి. ఒక్కో భాగానికి పది పదిహేను సెకన్లు. మెరుపంతా పోయి, ఎక్కడా మచ్చ లేకుండా ఒకే రకం బూడిద రంగు వస్తే అయినట్టు. మెష్ కడ్డీల పక్కలు, ఫినిష్ లైన్ మూల మరిచిపోతారు. అసలు పని ఆ మూలలోనే.

పళ్ళను పట్టుకునే క్లాస్ప్‌లకీ, రెండు వైపుల్నీ కలిపే పాలిష్ చేసిన కనెక్టర్‌కీ గుండ తగలకూడదు. కొందరు మైనంతో కప్పుతారు. మళ్ళీ మైనమే! సిలికోన్ పుట్టీ మిగిలింది కొంచెం తొడిగితే చాలు.

ఇక కంప్రెసర్. శ్రావణ భాద్రపదాల్లో మా ఊళ్ళో గాలి పిండితే నీరు కారుతుంది. ఆ గాలినే కంప్రెసర్ ట్యాంకులోకి తొక్కుతున్నాం. పొద్దున్నే ట్యాంకు కింద డ్రెయిన్ వాల్వ్ తిప్పండి, ఎన్ని నీళ్ళు వస్తాయో చూస్తే మీకే భయమేస్తుంది. నూనె వేసే కంప్రెసర్ అయితే దానికి తోడు నూనె ఆవిరి. పరీక్ష సులువు: గుండ ఆపేసి, శుభ్రమైన అద్దం ముక్క మీదికి అర నిమిషం వట్టి గాలి కొట్టండి. పొగచూరినట్టు కనిపించినా, వేలితో రాస్తే జిడ్డు గీత పడినా ఆ గాలి పనికిరాదు. నాజిల్‌కి ముందు నీరు, నూనె రెండూ ఆపే ఫిల్టర్ పెట్టించండి. మామ్మ సెట్టు తర్వాత నేను చేసిన మొదటి ఖర్చు అదే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. గుండ అయిపోతే మహేంద్రతనయ ఇసుక జల్లించి వాడేవాళ్ళని చూశాను. ఏటి ఇసుక అంటే సిలికా. బ్లాస్టింగ్‌లో అది పొడై ఊపిరితిత్తుల్లో దిగితే సిలికోసిస్, దానికి వైద్యం లేదు. వద్దు. అల్యూమినా అయినా మూసిన పెట్టెలో, సక్షన్ వేసుకుని, మంచి మాస్క్ పెట్టుకునే కొట్టాలి. నికెల్ క్రోమ్ ట్రిమ్మింగ్ దుమ్ముతో ఇంకా జాగ్రత్త, కొన్ని అల్లాయ్‌లలో బెరీలియం కూడా ఉంటుంది.

అయిదో మెట్టు: కడగడం, ఆరబెట్టడం, ముట్టుకోకపోవడం

ఫ్రేమ్ బయట ఉంటే అల్ట్రాసోనిక్‌లో డిస్టిల్డ్ వాటర్‌తో గానీ ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో గానీ అయిదు నిమిషాలు. బోరు నీళ్ళు వద్దు, ఆరాక ఉప్పు పొర మిగులుతుంది. తర్వాత నూనె లేని గాలితో పూర్తిగా ఆరబెట్టాలి. ఫ్లాస్క్‌లో ఉంటే గుండ అంతా ఊది, శుభ్రమైన వేడి నీళ్ళతో కడిగి, ఆరనివ్వాలి. ప్లాస్టర్ తడి తడిగా ఉంటే ఆ ఆవిరి లోహం మీదికే వస్తుంది, కాబట్టి తొందర వద్దు.

ఇక్కడి నుంచి ప్యాకింగ్ వరకు లోహాన్ని వేలితో తాకరాదు. గ్లవ్ వేసుకున్న వేలైనా సరే, ఆ గ్లవ్‌తో ఇందాక మైనం పట్టుకున్నారు. మా ఊళ్ళో కొమ్ముతో బొమ్మలు చేసే పని పేరున్నది. ఆ పని చేసే పెద్దాయన ఒకాయన అతికించే ముందు ముక్కను చివరిసారి గీకి, గుడ్డ మీద పెట్టి, ఎవరైనా చెయ్యి చాపితే కసిరేవాడు. చిన్నప్పుడు నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నా ల్యాబ్‌లో కుర్రాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటున్నారు.

బ్లాస్టింగ్‌కీ ప్రైమర్‌కీ మధ్య ఎంత తక్కువ సమయం ఉంటే అంత మంచిది. భోజనానికి లేవాలంటే బ్లాస్టింగ్‌కి ముందే లేవండి. పొద్దున బ్లాస్ట్ చేసి సాయంత్రం ప్రైమర్ అంటే, మళ్ళీ బ్లాస్ట్ చేయాల్సిందే.

ఆరో మెట్టు: సెపరేటర్ ముందు, ప్రైమర్ తర్వాత

ఫ్లాస్క్ పద్ధతిలో ప్లాస్టర్‌కి అక్రిలిక్ అంటకుండా కోల్డ్ మోల్డ్ సీల్ అనే సెపరేటర్ పూయాలి కదా. అది ముందే పూయండి, సన్నటి బ్రష్‌తో, లోహానికి తగలకుండా. అది ఆల్జినేట్ ద్రావణం, లోహం మీద పొరలా ఆరిపోతుంది, ఆ పొర మీద ఏదీ అంటదు. తగిలిందా, తడిగా ఉండగానే తుడిచి, ఆ చోటు మళ్ళీ బ్లాస్ట్ చేయండి. మెష్ చుట్టూ మొత్తం ఒకేసారి బ్రష్ లాగేసే అలవాటు చాలామందిది, మానుకోవాలి.

సీల్ ఆరాక ప్రైమర్. సీసా నుంచి ఒక చుక్క శుభ్రమైన గిన్నెలోకి, కొత్త బ్రష్, ఒకే పలచటి పూత. మూలల్లో మడుగు కట్టకూడదు. మందంగా పూస్తే ఎక్కువ అతుకుతుందనుకోవడం పొరపాటు, మందమైన ప్రైమర్ పొర తనలో తానే చీలుతుంది. ఎంతసేపు ఆరనివ్వాలో సీసాతో వచ్చిన కాగితం మీద ఉంటుంది, దాన్నే పాటించండి. చాలా ప్రైమర్లలో ద్రావకం అసిటోన్. మూత తీసి పెడితే అసిటోన్ ఎగిరిపోయి మందు చిక్కబడుతుంది. ఎండాకాలం పార్సిల్ మధ్యాహ్నమంతా బస్సు డిక్కీలో మగ్గి వస్తుంది, అందుకే నేను ఎండలు ముదరకముందే తెప్పించుకుంటాను. గడువు తేదీ చూడండి.

కోబాల్ట్ క్రోమ్ బూడిద రంగు అక్రిలిక్ గుండా కనపడే చోట దాన్ని కప్పే గులాబీ రంగు పూత, ఆపేకర్, పూస్తారు. పూస్తే ప్రైమర్ మీదే, పలచగా.

ఏడో మెట్టు: ప్యాకింగ్, క్యూరింగ్

ప్రైమర్ ఆరగానే అక్రిలిక్ సిద్ధంగా ఉండాలి. అంటే పౌడర్, మోనోమర్ కలపడం ప్రైమర్‌కి కొంచెం ముందే మొదలవ్వాలి. పిండి దారాలు సాగే దశ దాటి, చేతికి అంటని ముద్ద దశలో ఉన్నప్పుడు ప్యాక్ చేయండి. రబ్బరులా బిగిసిపోయాక ప్రెస్ చేస్తే రెండు నష్టాలు: మెష్ కిందికి దిగదు, ఫ్రేమే వంగుతుంది. వంగిన ఫ్రేమ్ నోట్లో కూర్చోదు, ఆ తప్పు అతుకు మీద పడుతుంది. మెష్ అడుగుకి ముందు చిన్న ముక్క కొంచెం మెత్తగా ఉన్నది నొక్కి, తర్వాత పెద్ద ముద్ద పెట్టండి. ప్రైమర్ మీద మోనోమర్ పోసి తడపకండి, కడిగినట్టే.

ట్రయల్ క్లోజర్, అంటే ఫ్లాస్క్‌ని ఒకసారి మూసి చూడటం, పాలిథీన్ కాగితంతో నెమ్మదిగా. కాగితం లాగేటప్పుడు ముద్ద లోహం మీద నుంచి లేచి వస్తే, ఆ చోట కొంచెం కొత్త ముద్ద పెట్టి మళ్ళీ నొక్కండి.

క్యూరింగ్‌కి నేను నమ్మేది నిదానమైన పద్ధతి: 74 డిగ్రీల నీళ్ళలో 8 గంటలు. తొందరైతే 74 దగ్గర 2 గంటలు, తర్వాత మరిగే నీళ్ళలో 1 గంట. మోనోమర్ 100.8 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అక్రిలిక్ గట్టిపడేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది కాబట్టి, మొదట్లోనే మరిగే నీళ్ళలో పడేస్తే లోపల బుడగలు. ఆ బుడగలు మెష్ చుట్టూ చేరితే పట్టు పోయినట్టే. రాత్రంతా పెట్టేటప్పుడు కరెంట్ టెన్షన్ ఒకటి ఉంటుంది మనకి, టైమర్ ఆగి మళ్ళీ మొదటికి వస్తుంది. నేను పగలే పెడతాను.

అన్నిటికంటే ముఖ్యమైనది చల్లార్చడం. ఫ్లాస్క్ తీసి వెంటనే కుళాయి కింద పెట్టేవాళ్ళు ఉన్నారు. లోహం, అక్రిలిక్ వేర్వేరు వేగాలతో ముడుచుకుంటాయని పైన చెప్పాను కదా. కొత్తగా పడిన బంధాన్ని మొదటి రోజే మెలిపెట్టడం అది. బల్ల మీద అరగంట, తర్వాత చల్లటి నీళ్ళలో పావుగంట, అప్పుడు విప్పండి.

సిలికోన్ అచ్చు పద్ధతిలో అయితే పోసిన వెంటనే ప్రెషర్ పాట్‌లో, 45 నుంచి 50 డిగ్రీల నీళ్ళు, సుమారు 2 బార్ ఒత్తిడి, డబ్బా మీద రాసినంత సేపు.

మోనోమర్ విషయం అందరికీ తెలుసనుకుంటాం, తెలియదు. 10 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి మంట అందుకోగలదు. మన ఊళ్ళలో గది వేడికి అది ఎప్పుడూ సిద్ధమే. బన్సెన్ బర్నర్ ఉన్న బల్ల మీద కలపకండి. మామూలు గ్లవ్స్ గుండా నిమిషాల్లో దిగుతుంది, వేళ్ళ చివర్లు మంటపుట్టి చర్మం చిట్లడం చాలామంది టెక్నీషియన్లకి అందుకే.

ఎనిమిదో మెట్టు: ట్రిమ్మింగ్, పాలిషింగ్

ఇక్కడ ఎక్కువ చెప్పేదేమీ లేదు. వేడి పుట్టించకండి, గీత దగ్గర చక్రాన్ని ఆపకండి, అక్రిలిక్ అంచును లోహం మీద నుంచి లేపే దిక్కుగా చక్రం తిప్పకండి. తడి ప్యూమిస్, తక్కువ వేగం. అయ్యాక ఒకటి రెండు రోజులు నీళ్ళలో ఉంచి పంపితే మిగిలిన మోనోమర్ చాలావరకు దిగిపోతుంది.

అతికిందో లేదో ఎలా తెలుస్తుంది

పేషెంట్ సెట్టు మీద పరీక్ష చేయలేం. కానీ కాస్టింగ్ స్ప్రూ బిళ్ళలు, అంటే పోతలో మిగిలిన లోహపు ముక్కలు, ప్రతి ల్యాబ్‌లో మూలన పడి ఉంటాయి. ఒకటి తీసుకుని ఒక ముఖం చదును చేయండి. మీరు రోజూ చేసే పద్ధతిలోనే బ్లాస్ట్, ప్రైమర్, అక్రిలిక్. పక్కన ఇంకో బిళ్ళకి ప్రైమర్ లేకుండా అక్రిలిక్. రెండింటినీ కొన్నాళ్ళు నీళ్ళలో నానబెట్టండి. తర్వాత ఒక గ్లాసులో ఐసు నీళ్ళు, ఇంకో గ్లాసులో సుమారు 55 డిగ్రీల వేడి నీళ్ళు పెట్టుకుని, అర నిమిషం అందులో, అర నిమిషం ఇందులో, ఓపిక ఉన్నన్ని సార్లు ముంచండి. ప్రయోగశాలల్లో యంత్రం వేలసార్లు చేసేది ఇదే, 5 డిగ్రీలకీ 55కీ మధ్య. మనం వంద సార్లు చేసినా తేడా బయటపడుతుంది.

అప్పుడు పటకారుతో విరగ్గొట్టి లోహం ముఖం చూడండి. అక్రిలిక్ తునకలు లోహానికి అంటుకునే ఉండి, విరగడం అక్రిలిక్ మధ్యలో జరిగితే బంధం నిలిచింది. లోహం అద్దంలా శుభ్రంగా బయటపడితే మురికి ఎక్కడో ఉంది. సగం అంటుకుని సగం వదిలితే, వదిలిన వైపు బ్లాస్టింగ్ సరిగా తగిలిందా, వేలు తగిలిందా గుర్తు తెచ్చుకోండి. రంగు వేసి చూడాలంటే, విరగ్గొట్టే ముందు మిఠాయి రంగు కలిపిన నీళ్ళలో రాత్రంతా ఉంచండి. లోహం మీద రంగు ఎంత దూరం పాకిందో అంత దూరం సందు ఉన్నట్టు.

నూనె ఫిల్టర్ పెట్టక ముందు, పెట్టిన తర్వాత నేను చేసిన రెండు బిళ్ళలు ఇప్పటికీ బల్ల సొరుగులో ఉన్నాయి. కొత్తగా పనికి చేరినవాళ్ళకి మొదట అవే చూపిస్తాను.

పాత సెట్టు రిపేర్ వస్తే

అక్రిలిక్‌ని మంటలో కాల్చి తీసేయడం తేలిక, అందుకే అందరూ అదే చేస్తారు. ఆ పొగ పీల్చకూడనిది, పైగా లోహమంతా మసి. బర్‌తో గీకి తీయండి. మెష్ రంధ్రాల్లో పాత అక్రిలిక్ తునక మిగలకూడదు, దానిలో ఏడాదిపాటు పీల్చుకున్న జిడ్డు, మరక ఉంటాయి. తర్వాత నాలుగో మెట్టు నుంచి మొత్తం మళ్ళీ, ఈసారి బ్లాస్టింగ్ కొంచెం ఎక్కువసేపు. సెల్ఫ్ క్యూర్ రెసిన్ ఎంచుకునేటప్పుడు 4-మెటా ఉన్నది దొరికితే రిపేర్‌కి అదే వాడండి.

మామ్మ సెట్టు అలాగే చేశాను, డబ్బు తీసుకోకుండా. ఇచ్చేటప్పుడు చెప్పినవి: వేడి నీళ్ళలో వేయవద్దు, గోరువెచ్చగా కూడా అక్కర్లేదు, మామూలు నీళ్ళు చాలు. బట్టలకి వాడే బ్లీచింగ్ అసలు వద్దు, క్లోరిన్ తగిలితే లోహం నల్లబడి తుప్పు పట్టి పోతుంది. రాత్రి తీసి నీళ్ళలో ఉంచాలి. తిన్నాక మెత్తటి బ్రష్, మామూలు సబ్బు.

"తాంబూలం మానేయాలా?" అంది.

మానితే మంచిదే మామ్మా, నోటికి, అన్నాను. పెట్టె మూసి కొంగున కట్టుకుని, కాశీనగర్ బస్సుకి వేళవుతోందని లేచింది.